పోస్టుకార్డులో వెతికిన ఉద్దేశం

జూలై 23 తిలక్ జయంతి. 1908లో ఆయనకు 52 ఏళ్లు నిండడానికి ముందు రాత్రి, పది గంటల వేళ, బొంబాయి హైకోర్టు రాజద్రోహం కింద ఆయనకు ఆరేళ్ల ప్రవాస శిక్ష వేసింది. జయంతి వచ్చిందంటే నా మనసు ఆ కోర్టు హాల్లోకే పోతుంది.

రాజును నిందిస్తే తల పోయే కాలాలు ఎన్నో గడిచాయి. మన రాజద్రోహ చట్టం వరకు కథ 1837 నాటి మెకాలే ముసాయిదాతో మొదలవుతుంది. 1860 శిక్షాస్మృతిలో చేరని ఆ నిబంధన 1870లో 124ఎ సెక్షన్‌గా వచ్చింది. ప్రభుత్వ చర్యలను తప్పుపట్టవచ్చు, ప్రభుత్వంపై వైరం రగిలించకూడదు అని అది గీత గీసింది. 1897లో తిలక్ మొదటి రాజద్రోహ కేసు విన్న జస్టిస్ స్ట్రాచీ ఆ గీతను దాదాపు చెరిపేశాడు. అల్లర్లు జరగనక్కర్లేదు, వాటికి ఉసిగొల్పనక్కర్లేదు, వైరభావం కలిగించాలనుకుంటే చాలన్నాడు.

ఇక 1908. ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో పడిన బాంబుకు ఇద్దరు ఆంగ్ల మహిళలు బలయ్యారు. తన పత్రిక ‘కేసరి’లో తిలక్ బాంబును మెచ్చుకోలేదు. అణచివేతే యువకులను ఆ దారి పట్టించిందని, హక్కులివ్వడమే దానికి మందని రాశారు. ఇది హెచ్చరికా, బెదిరింపా? ఇల్లు సోదా చేసిన పోలీసులకు ఒక పోస్టుకార్డు దొరికింది. దాని మీద పేలుడు పదార్థాల గురించిన రెండు పుస్తకాల పేర్లున్నాయి. ఆయన ఉద్దేశానికి అదే సాక్ష్యమంది ప్రాసిక్యూషన్. పేలుడు పదార్థాల చట్టాన్ని విమర్శించాలంటే అవేమిటో తెలియాలి కదా, అందుకే పేర్లు రాసుకున్నానన్నారు తిలక్. ఏ సంపాదకుడి సొరుగులోనైనా అలాంటి చీటీలు ఉంటాయి. ఆయన తన కేసు తానే ఇరవై ఒక్క గంటలకు పైగా వాదించుకున్నారు. జ్యూరీలో ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. శిక్ష వేసిన జస్టిస్ దావర్, 1897లో ఇదే తిలక్ బెయిలు కోసం వాదించిన న్యాయవాది. బొంబాయి మిల్లు కార్మికులు ఏడాదికొక రోజు చొప్పున ఆరు రోజులు పని మానేశారు.

అదే ఏడాది బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో పరాయి పాలనను క్రూర వ్యాఘ్రమన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్లు వెల్లూరు జైలు పాలయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా లెక్క తేలలేదు. వాక్ స్వేచ్ఛకు పెట్టిన పరిమితుల్లోంచి రాజ్యాంగ సభ రాజద్రోహాన్ని తీసేసింది, శిక్షాస్మృతిలో మాత్రం అది ఉండిపోయింది. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా నేరం కాదని, హింసకు పురిగొల్పితేనో, శాంతిభద్రతలకు భంగం కలిగించే ఉద్దేశమో ధోరణో ఉంటేనో నేరమని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిలక్‌కు దక్కాల్సిన తీర్పు అది. కానీ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వారంటు లేకుండా అరెస్టు చేసే వీలు కల్పించింది. ఇందిర హత్య జరిగిన రోజున నినాదాలు చేసిన ఇద్దరిని, ఆ నినాదాలకు జనం స్పందించలేదంటూ సుప్రీంకోర్టు నిర్దోషులుగా తేల్చేసరికి 1995 వచ్చింది.

2022 మేలో 124ఎ అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్ ఉంది. చట్టబద్ధంగా మార్పు కోరే విమర్శ నేరం కాదన్న వివరణ అందులోనూ ఉంది. ఎఫ్‌ఐఆర్ రాసే అధికారి ముందుగా ఆ వివరణ చదవాలి, నిందితుడి మాటల్లో హింసకు పిలుపు ఎక్కడుందో ఆ ఎఫ్‌ఐఆర్‌లోనే రాయాలి.