రాజుగారి ముఖమూ, బేరిపండూ

వ్యంగ్య రూపచిత్రానికి ఐరోపా భాషలలో కారికేచర్ అని పేరు. బరువెక్కించుట అనే అర్థంగల ఇటాలియన్ పదంనుండి ఆ మాట పుట్టినది. మొదట అది చిత్రశాలలోని పరిహాసం మాత్రమే. మిత్రుని ముక్కు కొంచెం సాగదీస్తే నలుగురూ నవ్వుకొనేవారు, అంతటితో సరి. ఆ ముఖం ఒక రాజుదైనప్పుడు ఏమగునో ఫ్రాన్సు దేశం చూపినది.

1830 జూలై విప్లవం లూయీ ఫిలిప్పును సింహాసనమెక్కించినది. పత్రికలపై ముందస్తు నిర్బంధం ఇక ఎన్నడూ ఉండబోదని నూతన శాసనపత్రం వాగ్దానం చేసినది. ఆ సంవత్సరమే షార్ల్ ఫిలిపాన్ 'లా కారికాత్యూర్' అనే వారపత్రిక స్థాపించినాడు. మరుసటి ఏడే, రాజును కించపరచినాడని అతనిని న్యాయస్థానానికి ఈడ్చినారు. అతని బొమ్మలో రాజు తాపీపనివాడు. గోడమీది జూలై వాగ్దానాలను సున్నంతో కప్పివేస్తున్నాడు.

1831 నవంబరు 14నాటి విచారణలో ఫిలిపాన్ చేసిన వాదం వంటిది న్యాయస్థానాలలో అరుదు. వరుసగా నాలుగు బొమ్మలు చూపినాడు. మొదటిది రాజుగారి ముఖమే. రెండవదానిలో బుగ్గలు కొంత జారినవి. మూడవదానిలో కన్నూ ముక్కూ చెరిగిపోవచ్చినవి. నాల్గవది బేరిపండు. మొదటిది నేరమైతే దానిని పోలిన రెండవదీ నేరమే కావలె. ఆ లెక్కన పండు గీసినవానికీ చెరసాల తప్పదు కదా! జ్యూరీవారికి నవ్వు వచ్చినదేమో గాని, శిక్ష మాత్రం తప్పలేదు: ఆరు మాసాల కారాగారం, 2,000 ఫ్రాంకుల జరిమానా. అయితే ఆ బొమ్మలు అచ్చయినవి. పారిస్ గోడలమీద పిల్లలు సైతం బేరిపండు గీయసాగినారు.

వికృతం చేయుటే ఈ కళ అనుకొనేవారు ఆ బొమ్మలను గమనించవలె. బరువైన దవడలూ, పైకి సన్నగిల్లిన శిరస్సూ రాజుకు నిజంగా ఉన్నవే. చిత్రకారుడు వాటిని ఎంచినాడే గాని కల్పించలేదు. అధికారులను బాధించినదీ ఆ పోలికయే.

ఫిలిపాన్ వద్ద పనిచేసిన ఓనోరే దోమియే ఇంకొక మార్గం త్రొక్కినాడు. ప్రజాధనాన్ని మ్రింగే రాక్షసునిగా రాజును గీసి, 1832లో తానూ చెరసాలకు పోయినాడు. ఆ కాలముననే పార్లమెంటు సభ్యులు మొదలైన ప్రముఖుల తలలను చిన్నవిగా, కాల్చని బంకమట్టితో మలచి రంగులు పూసినాడు. సభలో చూచి వచ్చి, జ్ఞాపకంతోనే మలచేవాడని ప్రతీతి. ఎఱ్ఱబారిన ముక్కు, వ్రేలాడు పెదవి, నిద్రమత్తు కన్ను, అన్నిటినీ మట్టిలో నిలిపి, వాటిని చూచి శిలాముద్రణ చిత్రాలు గీసినాడు.

1835 జూలైలో రాజుపై హత్యాప్రయత్నం జరిగినది. సెప్టెంబరు శాసనం ప్రకారం ప్రతి బొమ్మకూ ముందుగా అనుమతి కావలె. వ్రాత అభిప్రాయమే గాని, చిత్రం క్రియతో సమానమని ప్రభుత్వ వాదం. ఆనాటి న్యాయమంత్రి పెర్సిల్; అతని తల కూడా దోమియే మట్టితలలలో ఒకటి! 'లా కారికాత్యూర్' ఆగిపోయినది. దోమియే రాజకీయాలు విడిచి వకీళ్లనూ, మోసగాళ్లనూ, సామాన్య గృహస్థులనూ గీయసాగినాడు.

మిగిలిన 36 మట్టితలలు నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నవి. కాల్చని మట్టి గనుక అక్కడక్కడ బీటలు వారినవి. రంగు మాత్రం ఇంకను నిలిచియున్నది.