పాల్‌చౌక్ పద్యం: ఒక పాత తగవు

మా రాజమహేంద్రవరంలో చరిత్ర మాట్లాడేవాళ్లు ముగ్గురు ఒకచోట చేరితే పాల్‌చౌక్ తగవు రావలసిందే. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడ ఉపన్యసించాడంటే ఎవరూ కాదనరు. ఆ సభలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు పాడియావు పద్యం చదివారన్నదీ అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ఆ తర్వాతే. ఆ పద్యం అప్పటికప్పుడు ఆశువుగా వచ్చిందా, ఇంటి దగ్గర అల్లుకొని తెచ్చిందా? అందులో ఉన్న ఫిర్యాదు దేని మీద? ఆ నెలలో ఊరు చూపిన తెగువకు ఘనత ఎవరికి దక్కాలి? కోటిపల్లి బస్టాండు అంటే తప్ప ఆటోవాళ్లకు, ఆ సభ జరిగిన పాల్‌చౌక్ ఆనవాలు తెలియని రోజులొచ్చాయి. పేరు కూడా పోకముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

పాల్ రాకకు ముందు సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. 1905లో కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. వందేమాతరం ఉద్యమం మొదలైంది. దాన్ని దక్షిణానికి తెచ్చే పనిలో పాల్ బయలుదేరాడు, బందరు నుంచి ముట్నూరి కృష్ణారావుగారు వెంట నిలిచారు. విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ దాటి గోదావరి గట్టుకొచ్చారు. పాల్ మాట్లాడింది ఇంగ్లీషులో. దాన్ని జనానికి తెలుగులో అందించినవారు చిలకమర్తివారు.

ఇక్కడే పాత రచయితలతో నాకు పేచీ. పాల్ వచ్చాడు, గర్జించాడు, ఊరు లేచింది అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. పాల్ గొప్ప వక్త, కాదనను. కానీ 1907లో ఈ ఊళ్లో ఇంగ్లీషు ఉపన్యాసం ఆమూలాగ్రం అర్థమైనవాళ్లు ఎందరు? ప్లీడర్లు, పంతుళ్లు, కాలేజీ కుర్రాళ్లు. మిగతా జనం విన్నది చిలకమర్తి గొంతే. ఆ గొంతు వాళ్లకు కొత్తదీ కాదు. ఆయన ‘గయోపాఖ్యానం’ అప్పటికే నాటకశాలల్లో మారుమోగుతోంది. నాటకంలో మంచి పద్యం పడితే వన్స్‌మోర్ అనకుండా ఊరుకోని జనం ఇది. అలాంటివాళ్ల ముందు నాలుగు పాదాల పద్యం పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక ఆశువు సంగతి. ముందే రాసుకొచ్చిన పద్యమని వాదించేవారు ఒక మంచి ప్రశ్నే అడుగుతారు: ఇంత పొందికైన రూపకం నిలుచున్నపాటున ఎలా కుదురుతుంది? ఆవు దేశం, లేగదూడలు జనం, గడుసు గొల్లవాళ్లు తెల్లవాళ్లు. ఒక్క మాట పక్కకు జరిపినా కూలిపోయే కట్టడం. వాదన బాగానే ఉంది కానీ, ఛందస్సు వైపు చూస్తే నిలవదు. అది తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి చాలు, ప్రాస నియమం లేదు. రెండో అక్షరం కోసం వెతుక్కుంటూ నాలుగు పాదాలూ ఈదవలసిన ఉత్పలమాల బాధ ఇందులో ఉండదు. అందుకే ఆశువు చెప్పేవారికి తేటగీతి చేతికందిన కొమ్మ. రాసుకొచ్చి సభను మెప్పించాలనుకుంటే ఆ రోజుల్లో ఏ కవైనా సీసమో శార్దూలమో ఎత్తుకునేవాడు. పైగా చిలకమర్తివారికి చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. కాగితం కంటే ధారణనే నమ్ముకున్న మనిషి. కాబట్టి ఆశువనే మాటే నిజమని నా తీర్పు. కాదనేవాళ్లు ఆ పద్యాన్ని గొంతెత్తి చదివి, ఆ నడక ఎక్కడ తడబడిందో చూపించాలి.

ఇంతకంటే ముఖ్యమైనది అర్థం. దాదాభాయి నౌరోజీ చెప్పిన సంపద తరలింపు సిద్ధాంతాన్ని చిలకమర్తి పద్యం చేశారని వ్యాసాలన్నీ రాస్తాయి. పాలు పితుక్కుపోవడం వరకు అది సరే. పద్యం అక్కడ ఆగలేదే! చివరికొచ్చేసరికి దూడల మూతులు బిగించి కట్టేశారంటాడు కవి. పాలు పోవడం ఒక దోపిడి, అరవనివ్వకపోవడం ఇంకొకటి. తేటగీతి చివరి పాదంలో కవి దాచుకున్న దెబ్బ ఇదే. మన వ్యాసకర్తలు పాల దగ్గరే ఆగిపోయి, ఈ చిక్కం సంగతి వదిలేశారు. నా దృష్టిలో మాట్లాడే హక్కు గురించి తెలుగులో అంత సూటిగా వచ్చిన పద్యం అంతకుముందు లేదు.

కవి చెప్పింది నిజమని రుజువు కావడానికి వారం కూడా పట్టలేదు. ప్రభుత్వ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ తీసెయ్యమన్నాడు. కుర్రాళ్లు వినలేదు. 222 మందిలో 138 మందిపై వేటు పడింది. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టారు, సర్కారు కొలువుకు పనికిరాడన్నారు. మరుసటి ఏడు ఆయన బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడుపుతూ తిరునల్వేలి కాల్పుల మీద రాశాడు. 124ఏ కింద రాజద్రోహమని మూడేళ్ల జైలు వేశారు. ఆ మనిషే తర్వాత గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయ్యాడు.

గాడిచర్ల కేసు మాదని బెజవాడవాళ్లంటారు. పాల్‌ను తెచ్చింది మేమని బందరువాళ్లంటారు. కాకినాడవాళ్లయితే కెంప్ ఉదంతం ముందు మీ బ్యాడ్జీలెంత అని తీసిపారేస్తారు. వందేమాతరం అన్నందుకు కోపల్లె కృష్ణారావు అనే కుర్రవాణ్ణి డాక్టర్ కెంప్ చావబాదింది 1907 మే 31న. మా కుర్రాళ్ల మీద వేటు పడింది ఏప్రిల్‌లో. తేదీలు చూసుకున్నాక వాదనకు రమ్మని వారికి నా మనవి.

అసలు నోరు తెరవడం ఈ ఊరికి పాల్ నేర్పలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి కచేరీల్లో లంచాల భాగోతం బయటపెట్టారు. ఊరంతా తలుపులు మూసినా 1881లో వితంతు వివాహం జరిపించారు. జనం కూర్చుని మాట్లాడుకోవడానికి చోటుండాలని 1890లో టౌన్‌హాలు కట్టించారు. పాల్‌చౌక్ సభకు ఆ హాలే తల్లివేరు. కోస్తా అంతటిలో పాల్ మాట ఇక్కడే ఇంతగా అంటుకోవడానికి కారణం అదేనంటాను.

సర్కారూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1907 ముగిసేలోపే రాజద్రోహ సభల చట్టం వచ్చింది. 1908లో అచ్చు యంత్రాలను జప్తు చేసే చట్టం, 1910లో పత్రికల చేత ధరావతు కట్టించే ప్రెస్ చట్టం తెచ్చారు. సభకొకటి, యంత్రానికొకటి, పత్రికకొకటి. అయితే నోటినుంచి నోటికి పోయే పద్యాన్ని జప్తు చేసే దారి ఏ చట్టంలోనూ లేకపోయింది. పదిహేనేళ్లు తిరక్కముందే అదే ట్రైనింగ్ కాలేజీలో చదువు వదిలేసి ఇంకొకరు బయటికొచ్చారు. ఆయన గరిమెళ్ల సత్యనారాయణ. తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టినందుకు జైలుకెళ్లారు. ఒకే కాలేజీ, ఒకే ఊరు, ఒకే నేరం. దీన్ని కాకతాళీయం అనేవారితో నాకు మాటల్లేవు.

గాడిచర్లను జైలుకు పంపిన ఆ 124ఏ సెక్షన్‌ను 2022 మే నెలలో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతే మారింది. ఇప్పుడున్నది భారతీయ న్యాయ సంహిత. రాజద్రోహమన్న పేరు అందులో లేదు, ఆ పని చేసే 152వ సెక్షన్ మాత్రం ఉంది. చిక్కం మారిందా, తీశారా అన్నది న్యాయవాదులు తేల్చాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏటా ఆగస్టులో దండలు వేసి వెళ్లిపోయే పెద్దలు పాల్‌చౌక్‌లో తెలుగులో ఒక శిలాఫలకం వేయించాలి. దాని మీద పాల్ పేరుతో పాటు ఆయన మాటను మనకందించిన చిలకమర్తి పేరు, చదువు పోగొట్టుకున్న 138 మంది లెక్క, గాడిచర్ల, గరిమెళ్ల పేర్లు ఉండాలి. ఏటా ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అక్కడ మైకు పెట్టి, ఊరివాళ్లను తమ ఫిర్యాదు తాము చెప్పుకోనివ్వాలి. ఆ మైకుకు ఇవాళ కూడా ముందు పోలీసు పర్మిషన్ తీసుకోవాలి. ఆ దరఖాస్తు పెట్టే పని నాది. సంతకాలు మీవి.