ఆ నలుగురిలో మేనమామ లేడు

తండ్రి పోయిన పసివాడి ఆస్తి ఎవరు చూడాలని మా పుంగనూరులో పెద్దలు తగవు తీర్చేటప్పుడు మా అమ్మమ్మ ఒకటే అనేది: "మేనమామకిస్తే ఒక భయం, చిన్నాన్నకిస్తే రెండు భయాలు." నాలుగెకరాల చేనుకే ఇంత ఆలోచన ఉంటే, రాజ్యం మాటేమిటి చెప్పండి?

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ అది ఆలోచించినవాడే. కొడుకు ఎడ్వర్డుకు 9 ఏళ్లు. అందుకని వీలునామాలో 16 మందిని పేరుపేరునా నియమించి, అందరూ కలిసి పాలించమన్నాడు. ఎవరినీ పెద్దను చెయ్యలేదు. 1547 జనవరి 28న ఆయన కన్ను మూశాడు. వారం తిరక్కుండా ఆ 16 మందిలో ఒకడైన పిల్లవాడి మేనమామ సంరక్షకుడై కూర్చున్నాడు! అమ్మమ్మ ఇంగ్లండు చరిత్ర చదవలేదు గానీ...

మదనపల్లె, కుప్పం వాళ్లకు పొరుగైన మైసూరు కథ వేరు. 1894 డిసెంబరు 28న పదో చామరాజ ఒడయరు కలకత్తాలో డిఫ్తీరియాతో పోయాడు. ఆయనకు 31 ఏళ్లు, వారసుడు కృష్ణరాజుకు 10. పెద్దల్ని నియమించే పని పైనున్న బ్రిటిషు ప్రభుత్వం చేతికి పోయింది. వాళ్లు 28 ఏళ్ల తల్లి కెంపనంజమ్మణ్ణినే రీజెంటుగా చేశారు. ఆవిడ పక్కన ఒక కౌన్సిలు: అధ్యక్షుడు దివాను శేషాద్రి అయ్యరు, సభ్యులు తంబుచెట్టి, పి.ఎన్. కృష్ణమూర్తి, అబ్దుల్ రహమాన్. కృష్ణమూర్తి ఎవరనుకున్నారు? 1799లో ఇంకో అయిదేళ్ల రాజుకు అండగా రాజ్యం నడిపిన పూర్ణయ్య వంశీకుడు. నలుగురూ కచేరీలో పండినవాళ్లే. చుట్టరికం చెప్పుకుని వచ్చినవాడు ఒక్కడూ లేడు.

అలాగని రాణికి సుఖంగా గడిచిందా? 1897లో పెద్దకూతురి పెళ్లి సంబరాల్లోనే కట్టెతో కట్టిన పాత రాజభవనం తగలబడింది. పెళ్లివారిని చూసుకుంటుందా, మంటలు చూస్తుందా ఆ తల్లి! మరుసటేడు బెంగుళూరులో ప్లేగు. అయినా కొత్త భవనం మొదలుపెట్టించింది. 1902 జూన్‌లో శివనసముద్రం నుంచి 92 మైళ్ల తీగ మీద కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చింది. మా కుప్పం వైపునుంచి కూలికి వెళ్లినవాళ్లు చూసిన వెలుగు అదే. ఆ ఆగస్టు 8న, 18 ఏళ్లు నిండిన కొడుకుకు కర్జన్ సమక్షంలో అధికారం అప్పగించి ఆవిడ పక్కకు తప్పుకుంది.

ఆమె బిరుదు వాణీవిలాస సన్నిధాన. బెంగుళూరు వాణీవిలాస ఆసుపత్రిలో మా పిన్ని కూతురు కాన్పుకు వెళ్లినప్పుడు, ఆ పేరెవరిదో తెలుసా అని పక్కనున్న పెద్దావిడను అడిగాను.

"వాణి, విలాసు అని మొగుడూ పెళ్లాం డాక్టర్లేమోనమ్మా" అంది.