దయగా ఇచ్చింది అడక్కుండా లాక్కోవచ్చా?

చావింటికి పరామర్శకు వెళితే ఎవరో ఒకరు అంటారు: "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకుపోయాడు." ఇచ్చినవాణ్ణి కారణం అడక్కూడదన్నమాట. ఈ తర్కం కోర్టుల్లో కూడా చాలాకాలం చెల్లింది.

1935లో ఎస్కో కేసులో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి కార్డోజో, నేరస్థుడికి ప్రొబేషన్ దయగా దొరికేదే తప్ప హక్కు కాదన్న ధోరణిలో రాశాడు. నిజానికి ఆ కేసులో ఖైదీయే గెలిచాడు, ఎందుకంటే కోర్టు ముందు హాజరుపరచాలని చట్టంలోనే ఉంది. తరవాతివాళ్ళు మాత్రం దయ అన్న మాటనే పట్టుకున్నారు.

మన దగ్గర పెరోల్ అంటే కూతురి పెళ్ళికో, తల్లి కర్మకో ఇచ్చే కొద్ది రోజుల సెలవు. అక్కడ అలా కాదు. మిగిలిన శిక్షాకాలమంతా షరతుల మీద బయట బతకడం.

అయోవా రాష్ట్రంలో మోరిసీ అనే అతనికి 1967లో దొంగ చెక్కుల కేసులో ఏడేళ్ళకు మించని శిక్ష పడింది. 1968 జూన్‌లో పెరోల్ ఇచ్చారు. ఏడు నెలలకు సొంత ఊళ్ళోనే పట్టుకుని, వారం రోజుల్లో పెరోల్ రద్దు చేసి, వంద మైళ్ళ దూరంలోని జైలుకు పంపేశారు. మారుపేరుతో కారు కొన్నాడని, అప్పు తీసుకున్నాడని, పోలీసులకు అబద్ధాలు చెప్పాడని, నివాసం తెలపలేదని పెరోల్ ఆఫీసర్ రిపోర్టు. విచారణ లేదు. అప్పీలు కోర్టులో 4-3 తేడాతో ఓడిపోయాడు.

1972 జూన్ 29న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాసింది ఛీఫ్ జస్టిస్ బర్గర్, నేరస్థుల మీద జాలిపడే మనిషేమీ కాదు. హక్కా, దయా అన్న చర్చే అనవసరం, పోయేది మనిషి స్వేచ్ఛ అన్నాడు. ఆరోపణలు రాతపూర్వకంగా ఇవ్వాలి, సాక్ష్యం చూపాలి, అతని మాట వినాలి, వినేవారు తటస్థులై ఉండాలి, కారణాలు రాయాలి. మోరిసీ నిర్దోషి అని కోర్టు అనలేదు. తప్పు ఒప్పుకున్నాడని తేలి, రద్దుకు ఆ తప్పు చాలిందంటే, కథ అక్కడితో సరి అని కూడా చెప్పింది.

ఈ చివరి మాట నాకు గుచ్చుకుంటుంది. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉండగా ఒక రిటైర్డ్ హవల్దారు పెన్షన్‌లో రికవరీ వేశాను, కింద నుంచి వచ్చిన రిపోర్టు చూసి. లెక్క పైసాతో సహా సరిగ్గానే ఉంది. నోటీసు ఎందుకనుకున్నాను. నాలుగు నెలల తరవాత ఆయన ఒక నలిగిన రసీదు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆ డబ్బు సర్వీసులో ఉండగానే కట్టేశాడు. నా లెక్క తప్పు కాదు, అడగకపోవడమే తప్పు.

మన సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో మఫాభాయ్ సాగర్ కేసులో దాదాపు ఇదే దారి పట్టింది. శిక్ష తగ్గించి వదిలినవాణ్ణి నోటీసు ఇవ్వకుండా, వినకుండా, కారణాలు రాయకుండా మళ్ళీ లోపలికి పంపకూడదంది. రెండేళ్ళు సభ్యతగా ప్రవర్తించాలని గుజరాత్ ప్రభుత్వం పెట్టిన షరతు అస్పష్టమని కొట్టేసింది. సభ్యత అంటే ఏమిటో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనే ఇంతవరకు తేలలేదు.