చెన్నపట్టణపు తోటయిండ్లు – వాటిని కట్టిన చేతులు

పట్టణముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా కోటల పేరులు, గవర్నరుల పేరులు, యుద్ధముల తేదీలు చెప్పి ఊరకుందురు. ఒక భవనమున ఎవరు కాపురముండిరో చెప్పుదురు గాని, దానికి పునాది తీసినదెవరు, సున్నము నూరినదెవరు, మిద్దె కొట్టినదెవరు అని అడుగువారు అరుదు. చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారమైన మనకు ఇది ఉబుసుపోక వేయు ప్రశ్న కాదు. మనమీ ఊరికి ఏ విధముగా చెందుదుమో తెలిసికొనుటకు ఇదియు నొక మార్గము. కావున ఈ వ్యాసమున తోటయిండ్లను గూర్చి, వాటిని కట్టి అమ్మిన వారిని గూర్చి మాకు తెలిసినంత మనవి చేయుచున్నాము.

1639వ సంవత్సరమున దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీవారికి ఈ సముద్రతీరమున స్థలమిచ్చిన కథ అందరెరిగినదే. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే ఊరికి చెన్నపట్టణమను పేరు వచ్చినది. కంపెనీవారితో కూడ వచ్చిన దుబాసీ బేరి తిమ్మప్పయు తెలుగువాడే. దుబాసీ యనగా రెండు భాషలు వచ్చినవాడు. దొరకు దేశభాష రాదు, పనివానికి దొరభాష రాదు. ఆ నడుమనుండి ఇరువురిని కలిపినవాడు దుబాసీ. ఇల్లు కట్టించు వ్యవహారమంతయు మొదట ఈ దుబాసీల చేతిమీదుగనే జరిగెను.

తొలి నూరేండ్లు ఇంగ్లీషువారు కోట గోడల లోపలనే ఇరుకిరుకుగా కాపురముండిరి. బయట భూమి లేకపోలేదు, భయముండెను. 1746 మొదలు 1749 వరకు పట్టణము ఫ్రెంచివారి వశమున నుండెను. 1758-59లో లాలీ ముట్టడి వేసెను. 1769లో హైదరాలీ తన గుఱ్ఱపుదళముతో పరంగిమల దాక వచ్చి సంధి చేయించుకొని పోయెను. అట్టి కాలమున పొలముల నడుమ ఇల్లు కట్టుకొనుటకు గుండెధైర్యము కావలయును. అయినను కొందరు కట్టుకొనిరి. 1771లో వచ్చిన జార్జి మౌబ్రే అను కంపెనీ లెక్కల అధికారి అడయారు నది యొడ్డున 105 ఎకరములు తీసికొని గుమ్మటము గల యిల్లు కట్టించుకొనెను. 1963 తరువాత మద్రాసు క్లబ్బువారికి నెలవైన భవనమదియే. 1799లో టిప్పుసుల్తాను పడిపోవుటతో భయము పూర్తిగా తీరెను. ఆ ప్రాంతముననే జేమ్సు బ్రోడీ అడయారులో కోటవంటి యిల్లు కట్టెను. తరువాతి కాలమున అది సంగీత కళాశాల అయినది. నుంగంబాకములో 1798లో వెలసిన డవ్టన్ భవనము ఇరువదవ శతాబ్దమున క్రైస్తవ మహిళా కళాశాలకు నిలయమైనది.

ఈనాడు నుంగంబాకము, ఎగ్మూరు, చేట్‌పట్టు, అడయారు అనగా నడిపట్టణమే. ఆనాడవి వరిచేలు, చెరువులు, తాటితోపులు గల పల్లెలు. కనుక తోటయిండ్లు కట్టిన మేస్త్రీలు నిజమునకు పల్లెటూరి మేస్త్రీలే. వారికి నేటివలె నీలికాగితముల పటములు లేవు. దొర తన దేశమునుండి తెచ్చిన పుస్తకములోని బొమ్మ చూపి స్తంభములు ఇట్లుండవలెననును. మేస్త్రీ చూచి తలయూపును. నూలుత్రాడు, మూలమట్టము, తూకపు గుండు పట్టుకొని నేలమీద ముగ్గు పోయును. ఆ ముగ్గే పటము.

మన మండువా లోగిలి లోపలికి చూచు ఇల్లు. నడుమ ఆకాశము, చుట్టును వసారా, వీధివైపు గట్టిగోడ. తోటయిల్లు బయటికి చూచునది. చుట్టును ఎత్తైన స్తంభముల వరండా, నలువైపుల కిటికీలు, వాటికి వట్టివేళ్ళ తడికలు, దూరముగా వంటయిల్లు. స్తంభములు దొరవి, ఎత్తైన అరుగు, మిద్దె, సున్నపు గచ్చు, నీడ యొక్క తెలివి ఈ దేశపువి. రెండును ఒకచో చేర్చిన బుద్ధి మేస్త్రీది.

పని నడచు క్రమమును చెప్పెదము. మొదట బావి త్రవ్వవలెను. నీరు లేనిదే ఇటుక లేదు, సున్నము లేదు, తోట లేదు. బావి త్రవ్వుట, మట్టిమోత, రాతిపని చేసినవారిలో మన వడ్డెరలు ముఖ్యులు. తమిళదేశమంతట చెరువులు, బావులు, రోడ్లు వీరి గునపముల వలన ఏర్పడినవి. ఎన్ని తరములు గడచినను వారి యిండ్లలో తెలుగు మాట పోలేదు. పిమ్మట సమీపమున మంచి మట్టి చూచి ఇటుక ఆవము పెట్టుదురు. తరువాత దూలములు వచ్చును. టేకు దూలము ఎంత పొడవు దొరకునో గది వెడల్పు అంతే. దొరకు పెద్ద హాలు కావలయునన్నచో నడుమ స్తంభములైనను నిలుపవలెను, ఖరీదైన పెద్ద దూలములైనను తెప్పింపవలెను. కావున ఆ యింటి కొలతలను సగము నిర్ణయించినది అడవిలోని చెట్టు.

పైకప్పు పని మద్రాసు మిద్దె యని దేశమంతట పేరు పొందినది. దూలములపై సన్నని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలో, సున్నముతో పేర్చుదురు. దానిపై ఇటుక కంకరను సున్నమును కలిపి మూడు నాలుగు అంగుళముల మందమున పరచుదురు. అప్పుడు కూలిస్త్రీలు వరుసగా కూర్చుండి కొయ్యచెక్కలతో దినముల తరబడి దానిని కొట్టుదురు. కొట్టుచున్నంతసేపు బెల్లము, కరక్కాయ నానవేసిన నీరు చల్లుచుందురు. చెక్క ఎగిరిపడి గట్టిగా మ్రోగిన గాని పని ముగిసినట్లు కాదు. పాటపాడుచు కొట్టిన ఆ చేతుల లెక్క ఏ ఖాతాలోను లేదు. ఆ పైన పలుచని పెంకులు పరచి సున్నము పూయుదురు. అట్టి మిద్దెలు నూరేండ్లు దాటియు వానకు నిలిచినవి.

గోడల నునుపు మరియొక విద్య. పులికాటు, ఎన్నూరు ప్రాంతముల ఉప్పుటేరుల నుండి గుల్లలు తెచ్చి కాల్చి, ఆ గుల్లసున్నమును గానుగలో ఎద్దులచే నూరింతురు. గోడకు మూడు పూతలు. మొదటి రెండింటిలో సున్నము, ఇసుక, బెల్లపునీరు. మూడవదానిలో వెన్నవలె నూరిన సున్నము, కోడిగ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి, బలపపు పొడి. తడి ఆరకముందే నున్నని రాతితో రుద్దగా రుద్దగా గోడ అద్దమువలె మెరయును. ఇంగ్లండునుండి వచ్చినవారు దీనిని చూచి చలువరాయియని భ్రమపడి వ్రాసికొనిరి. చెన్నపట్టణపు సున్నపుపనికి వచ్చిన కీర్తి ఇది.

తెలుగు చేతులనుచున్నాము గనుక ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఈ పని తెలుగువారు మాత్రమే చేయలేదు. తమిళ కొత్తనారులు, వడ్రంగులు, కూలివారు ప్రక్కప్రక్కనే పనిచేసిరి. ఒకే దిమ్మిసను ఒకరి తరువాత ఒకరు పట్టిరి. పనిముట్లకు, కొలతలకు రెండు భాషలలోను ఒకే మాటలు ఎన్నో ఉన్నవి. మనము కోరునది ఇతరుల పేరు తుడుచుట కాదు, మన పేరు మరువకుండుట.

ఇక అమ్మకము సంగతి. తోటయిల్లు కట్టించిన దొర అందులో కలకాలముండువాడు కాడు. ఉద్యోగము ముగియగనే ఓడ యెక్కును; లేదా ఇచటనే కన్నుమూయును. అప్పుడు ఇల్లు, తోట, బండి, బల్లలు అన్నియు వేలమునకు వచ్చును. దుబాసీలు, వర్తకులు, జమీందారులు కొనిరి. ధర ఎల్లప్పుడు ఒక రీతిగ నుండలేదు. దివ్యజ్ఞాన సమాజమువారు 1882లో అడయారులోని హడల్‌స్టన్ తోటను 27 ఎకరములతో కూడ సుమారు 9,000 రూపాయలకే కొనిరి. నీలగిరుల అడుగువరకు రైలు పడినందున అధికారులు వేసవికి అటు పోవ మొదలిడిరి. పట్టణమున పెద్దయిండ్లకు గిరాకి తగ్గెను. ఎక్కడో వేసిన రైలుదారి అడయారు ఇంటి వెలను నిర్ణయించెను. ఇల్లు కట్టి అమ్మువాడు ఇటుకను మాత్రమే గాక లోకమును గూడ చూడవలెనని దీని వలన తెలియుచున్నది.

మేస్త్రీల పేరులు మాసిపోయినను ఒక తెలుగు నిర్మాత పేరు నిలిచియున్నది. ఆయన తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి. 1856లో పుట్టి 1925లో కీర్తిశేషుడయ్యెను. ఇంటిపేరే తెలుగు. చిషోమ్, ఇర్విన్ మొదలగువారు పటములు గీయగా, వాటిని నిలువెత్తు గోడలుగా నిలిపినవాడీతడు. 1892లో పూర్తియైన హైకోర్టు, సముద్రతీరమున బ్యాంకి ఆఫ్ మద్రాసు భవనము, ఎగ్మూరున 1909లో తెరువబడిన విక్టోరియా స్మారక మందిరము ఈయన కంట్రాక్టుననే లేచినవి. ప్రభుత్వపు పనిలో గడించిన ధనమును ఈయన చేట్‌పట్టులో తోటలుగా, ఇండ్లుగా మార్చెను. నూరవ యిల్లు అచ్చిరాదని తొంబదితొమ్మిదింటితో ఆపెనని ఊరిలో ఒక వాడుక కలదు. లెక్క ఎట్లున్నను, ఆ యిండ్లలో ఒకదానికి లోకచరిత్రలో స్థానమున్నది. గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ జబ్బుతో తిరిగివచ్చినప్పుడు ఈయన తన యింట చోటిచ్చెను. 1920 ఏప్రిల్ 26వ తేదీన ఆ మహనీయుడు చేట్‌పట్టులోని ఆ యింటనే కన్నుమూసెను. తమిళుడైన పండితునికి తెలుగు నిర్మాత యిల్లు కడపటి నీడ యైనది. ఈ పట్టణపు స్వభావమును ఇంతకంటె చక్కగ చెప్పు సంఘటన మాకు తోచదు.

తోటయిల్లు మన రాజకీయ చరిత్రకు గూడ వేదిక యైనది. మైలాపూరు లజ్‌లో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనముననే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూడి శ్రీబాగ్ ఒడంబడిక చేసికొనిరి. ఆ ప్రాంతమున వారి పేరిట గల ఉద్యానవనము నేటికిని ఉన్నది. ఇంతలో పట్టణము పెరిగెను. 1920వ దశకమున మాంబళపు చెరువును పూడ్చి కట్టిన క్రొత్త పేటకు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరును, దాని నడుమ తోటకు పానగల్లు రాజావారి పేరును పెట్టిరి. ఇరువురును తెలుగువారే. ఎకరముల తోటకు బదులు గ్రౌండుల లెక్కన చిన్న తోటయిండ్లు వచ్చినవి. మన తాతలలో పలువురు కొనగలిగినవి ఇవియే: ముందు నాలుగు కొబ్బరిచెట్లు, ఒక బావి, వరండా, పైన మద్రాసు మిద్దె. దొర తోటయిల్లు చిన్నదై గుమాస్తాకు అందిన రూపమది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. పట్టణము తమిళుల రాష్ట్రమున నిలిచినది. కొందరు సామానులు సర్దుకొని పోయిరి. పెక్కుమంది పోలేదు. ఎందుకనిన, వారికి ఇల్లు ఇక్కడ ఉండెను. అల్పసంఖ్యాకులమను మాట ఆనాడు మనకు క్రొత్తగా వచ్చినది. ఇల్లు అంతకు చాల ముందే ఉన్నది.

దస్తావేజుల నకళ్ళు వ్రాయు కొలువులో మేము ముప్పదియేండ్లకు పైగా గడపితిమి. పాత విక్రయపత్రముల చివర ఆస్తి వివరమును చదువుట మాకొక వేడుక. మిద్దెయిల్లు, బావి, ఫలవృక్షములు, నాలుగు హద్దులు అని వ్రాసియుండును. పక్కయింటివారి పేరు హద్దుగా నుండును. రానురాను అదే స్థలమునకు వచ్చిన పత్రములలో బావి లేదు, చెట్టు లేదు. భూమిలో విభజింపని వాటా ఇన్ని చదరపుటడుగులు అని మాత్రముండును. తోటయిల్లు అంతస్తుల కట్టడమైనది. పిల్లలు దూరదేశములందున్నారు, మిద్దె మరమ్మతు చేయువారు దొరకరు, పన్నులు పెరిగినవి. అమ్మినవారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. గవర్నరుల నివాసమైన తిరువల్లిక్కేణి భవనమే 2010లో ప్రారంభమైన శాసనసభా భవనము కొరకు కూల్చబడెను. దాని ప్రక్కనున్న రాజాజీ హాలు మాత్రము మిగిలినది. రాజుల యిండ్లే నిలువనప్పుడు మన యిండ్ల మాట యేమి?

అయినను ఇల్లు పోవుట వేరు, దాని జ్ఞాపకము పోవుట వేరు. ఇటీవల పాత కట్టడములను బాగుచేయు ఇంజనీర్లు గుల్లసున్నపు పని తెలిసిన తాపీవారి కొరకు వెదకుచున్నారు. సిమెంటు పూసిన పాతగోడ లోపలి చెమ్మను వదలక పగులును. సున్నపు గోడ ఊపిరి పీల్చి నిలుచునని వారే చెప్పుచున్నారు. ఆ విద్య తెలిసిన ముసలివారు కొందరింకను మన పేటలలో ఉన్నారు. కొందరు మన బంధువులే.

కావున చదువరులకు మా మనవి ఇది. మీ యింటి పాత పత్రములను చెదలకు వదలక ఒకసారి విప్పి చదువుడు. ఇల్లు కూల్చక తప్పనిచో, కూల్చుటకు ముందు గదుల కొలతలు వ్రాసి, ఫొటోలు తీసి ఉంచుడు. ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరో పెద్దలను అడిగి, ఆ పేరును గృహప్రవేశపు తేదీ ప్రక్కన వ్రాసిపెట్టుడు. మన సంఘమువారు అట్టి వివరములను ఒకచో చేర్చినచో, మనమీ పట్టణమునకు పొట్టచేత పట్టుకొని వచ్చినవారము మాత్రమే కాక, దీనిని కట్టిన వారిలో ఒకరమని మన మనుమలకు ఋజువుతో చెప్పగలుగుదుము.