సానరాయి చెప్పిన సంగతులు

మామగారు అల్లుణ్ణి సాన పట్టిన కథ ఒకటి మన పురాణాల్లో ఉంది. విశ్వకర్మ తన కూతురు సంజ్ఞను సూర్యుడికిచ్చి పెళ్ళి చేశాడు. మొగుడి వేడి భరించలేక ఆ పిల్ల తన నీడను ఇంట్లో పెట్టి వెళ్ళిపోయింది. సంగతి తెలిశాక విశ్వకర్మ అల్లుణ్ణి సానచక్రం మీదికి ఎక్కించి, కాస్త తేజస్సు తరిగేశాడట. రాలిన రజనుతో విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం చేశాడట. అల్లుళ్ళను సాన పట్టగలిగిన మామగార్లు ఆ తరువాత పుట్టలేదు కాబోలు!

ఈ కథ గుర్తు రావడానికి కారణం తెనాలిలో మా ఇంటి వీధి తలుపు. వానాకాలం వచ్చిందంటే ఉబ్బి గడపకు పట్టేస్తుంది. మొన్న వచ్చిన వడ్రంగి, అరవై దాటిన పెద్దాయన, సంచిలోంచి చిత్రిక తీశాడే గాని తలుపు జోలికి పోలేదు. బ్లేడు ఊడదీసి అరగంట సేపు రాయి మీద నూరుతూ కూచున్నాడు. సగం పూట దీనికే పోయిందే అనుకున్నాను. నా మొహం చూసి గ్రహించినట్టున్నాడు.

"మొద్దు చిత్రికతో తోస్తే చెయ్యీ పోద్ది, చెక్కా పోద్దమ్మా" అన్నాడు.

అంతలో వీధిలో "కత్తులకు సానా, కత్తెర్లకు సానా" అంటూ సైకిలు మనిషి వెళుతున్నాడు. అతనికిస్తే చిటికెలో అయిపోదా అన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. చక్రం మీద వేడెక్కి అంచు నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడుతుందట. ఇక దానికి పదును నిలవదట. కూరగాయల కత్తికి చెల్లుతుంది గాని చిత్రికకు చెల్లదు. నీళ్ళో నూనో వేస్తూ, చల్లగా, ఒకటే వాలులో నూరాలి. ఆ వాలు పాతిక డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. నూరగా నూరగా అంచు అవతలి వైపుకు తిరిగి వేలికి గరుగ్గా తగులుతుంది. అప్పుడు బ్లేడు వెనకవైపును రాయి మీద బల్లపరుపుగా ఆనించి ఆ గరుకు తీసెయ్యాలి. ఇంతే విద్య. రాయి కొనలేని కుర్రాళ్ళకు ఆయన చెప్పే ఉపాయం మరీ చవక. అద్దం ముక్క మీద నీళ్ళకు తట్టుకునే ఉప్పుకాగితం అతికించుకుని నూరుకోమంటాడు. అద్దం కంటే చదునైనది ఇంట్లో ఇంకేముంటుంది?

ఆయన చేతిలో ఉన్నది కార్బొరండం రాయి. పేరు ఇంగ్లీషుదిలా ఉంది గాని, అందులో సగం మన మాటే. రంగు చేరితే కెంపు, నీలం అయ్యే ఖనిజాన్ని తెలుగులో కురువిందం అంటారు, తమిళంలో కురుందం. మన ఖమ్మం, అనంతపురం ప్రాంతాల్లోనూ దొరుకుతుంది. దాని పొడిని కరిగించిన లక్కలో కలిపి చక్రాలు పోసుకుని, మనవాళ్ళు కత్తులకూ రత్నాలకూ సాన పట్టేవారు. 1728లో లండన్‌లో అచ్చయిన జాన్ వుడ్‌వర్డ్ రాళ్ళ జాబితాలో, మద్రాసు కోట నుంచి వెళ్ళిన ఒక రాయి పేరు 'తెల్ల కొరివిందం'. తెల్ల అన్న మాట ఎవరిదో వేరే చెప్పాలా? ఆ జాబితాలోనే ఇంకో రకం రాయి వరిచేలల్లో ఎలుకలు తవ్విపోసిన మట్టిలో దొరుకుతుందనీ, ఇనుముకు మెరుగు పెడతారనీ ఉంది. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఆయన రాయల్ సొసైటీ సంచికలో ఈ రాయి మీద పెద్ద వ్యాసమే రాశాడు.

తరువాత అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమన్నునూ కోక్ బొగ్గునూ విద్యుత్తుతో కాల్చి, గట్టి స్ఫటికాలు తీశాడు. అది కార్బనూ కురువిందమూ కలిసిన పదార్థం అనుకుని కార్బొరండం అని పేరు పెట్టాడు. నిజానికి అందులో కురువిందం లేనే లేదు. అది సిలికాన్ కార్బైడు. పేటెంటు 1893లో వచ్చింది. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ వెలిసింది. అలా మన మాట సముద్రాలు తిరిగి, అట్టపెట్టెలో కూచుని మళ్ళీ మన వడ్రంగుల సంచిలోకి వచ్చింది.

అయితే ఆ పెట్టె అందరికీ అందేదా? మా తెనాలి, బాపట్ల, రేపల్లె సీమంతా కృష్ణమ్మ మోసుకొచ్చిన మట్టి, సముద్రం విడిచిన ఇసుక. వరి కావలసినంత పండుతుంది గాని, రాయి కావాలంటే పైనుంచి రావలసిందే. 1916లో రేపల్లెకు రైలు వచ్చాక కూడా, డబ్బు పెట్టి సానరాయి కొనడం పల్లె వడ్రంగికి తలకు మించిన పనే. అందుకే ఇళ్ళల్లో రాయి అంటే అంత అపురూపం.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. రేపల్లె, బాపట్ల వైపునూ వదల్లేదు. సుమారు 10,000 మంది పోయారు. రేపల్లె దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో జరిగింది అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నాలుగో రోజున వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. అమ్మమ్మ గిన్నెతో బియ్యం తెచ్చింది.

"బియ్యం వద్దమ్మగారూ. చదునైన రాయి ఉంటే ఇప్పించండి" అన్నాడు.

పనిముట్ల పెట్టె మూడు రోజులు ఉప్పునీళ్ళలో నానింది. చిత్రిక బ్లేడు తుప్పుముద్ద. ఊళ్ళో తలుపుల్లేని ఇళ్ళు, ఆ ఇళ్ళల్లో ఎదిగిన ఆడపిల్లలు. ఇంట్లో చదునైన రాయి సన్నికల్లు ఒక్కటే. అది అమ్మమ్మ పెళ్ళిలో తొక్కిన సన్నికల్లు. దాని మీద ఇనుము నూరడమా? ఆవిడ కాసేపు మాట్లాడలేదట. తరువాత "తీసుకుపోవయ్యా" అందట.

ఇసుకా నీళ్ళూ చల్లి దాని మీద తుప్పు దించాడు. మెరుగుకు మా పిన్ని పగిలిన మార్కాపురం పలక అడిగి పుచ్చుకున్నాడు. పలకరాయి సన్నగా కోస్తుంది. చివరికి పాత చెప్పుతోలు మీద నాలుగు లాగులు లాగాడు. విరిగిన పడవ చెక్కలూ, పడిపోయిన తాటిదూలాలూ తెచ్చి తలుపులు మొదలుపెట్టాడు. సన్నికల్లు నాలుగు నెలల తరువాత గాని ఇంటికి రాలేదట.

అది ఇప్పుడు మా పెరట్లో ఉంది. మిక్సీ వచ్చాక దానితో పనిలేదు గాని, అమ్మ పారెయ్యనివ్వదు. మొన్న పెద్దాయనకు చూపించాను. మధ్యలో బొటనవేలు పెట్టి పోనిచ్చి పెదవి విరిచాడు.

"ఎవరోనమ్మా, తెలిసిన పనివాడు కాదు. రాయిని గుంట పడనిచ్చాడు. నాలుగు రోజులకోసారి చదును చేసుకోవద్దూ?"

ఆ మాట పనివాడి మాట. కాదనను. కానీ ఆ చలికాలంలో, రాయిని చదును చేసుకునే పూట దొరకనంతగా ఎన్ని తలుపులకు నూరాడో ఆయనకు చెప్పాను. పెద్దాయన ఇంకేమీ అనలేదు. ఉప్పుకాగితం అడిగి పుచ్చుకుని, సన్నికల్లు అంచు మీది మట్టి తుడిచి, దాన్ని గోడవారగా జాగ్రత్తగా ఆనించి, తలుపు పనికి లేచాడు.