ఏడడుగుల పడవ

ఇంగ్లండు కాలువలలో సెలవులు గడపుటకై కొద్ది సొమ్ముతో పడవ కొనువానికి దాని వెడల్పును ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. 18వ శతాబ్దిలో జేమ్సు బ్రిండ్లీ అను ఇంజనీరు, నీరును ఖర్చును కలిసివచ్చునట్లు, లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టించెను. బొగ్గు పడవలును ఆ కొలతకే ఒదిగినవి. తరువాత రైళ్లు, లారీలు ఆ సరకును లాగుకొన్నవి. 1939లో టామ్ రోల్టు ‘క్రెస్సీ’ అను పాత పడవనే ఇల్లు చేసికొని బయలుదేరెను. 1944లో వెలువడిన ఆయన పుస్తకము చదివి పలువురు కాలువ దారి పట్టిరి.

నేటి పడవ ఉక్కుది. పొడవు మాత్రము కొనువాని యిష్టము: 57 అడుగులు మించనిచో ఉత్తరాది పొట్టి లాకులలోను దాదాపు అంతటా పట్టును. రంగులు, పరుపులు చూచి మురియరాదు. అసలు బేరము నీటి అడుగున నున్నది. 10 మిల్లీమీటర్ల అడుగురేకు ఏండ్ల తరబడి తుప్పుకు తరుగును. పడవను గట్టెక్కించి అతిధ్వనులతో మందము కొలిపించవలెను. అది 4 మిల్లీమీటర్లకు తగ్గినచో బీమావారు సాధారణముగా ఒప్పరు. కొత్త రేకు వేయించు ఖర్చు చవక పడవ ధరనే మించిపోవచ్చును.